పేర్ల సంతలో తొలి బేరాలు

1995 అక్టోబరులో అమెరికాలోని నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థకు ఒక ఉత్తరం చేరింది. అప్పట్లో డాట్‌కామ్ పేర్లన్నిటికీ రిజిస్ట్రార్ ఆఫీసు ఆ సంస్థే. ఉత్తరం ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్ అనే కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉంది. తమ దగ్గరున్న గ్యారీ క్రెమెన్‌ను తీసేశామనీ, సెక్స్.కామ్ అనే పేరు తమకిక అక్కర్లేదనీ, దాన్ని స్టీఫెన్ కోహెన్‌కు వదిలేస్తున్నామనీ అందులో రాసి ఉంది. ఈ సంగతి నేరుగా తెలియజేయడానికి తమకు ఇంటర్నెట్ కనెక్షన్ లేదని, అందుకే కోహెన్ ద్వారా చెప్పిస్తున్నామని కూడా ఉంది. ఇంటర్నెట్‌లో ప్రకటనలు వేసుకునే కంపెనీకి ఇంటర్నెట్ లేకపోవడమేమిటని ఎవరికైనా అనుమానం రావాలి. పేరు అసలు యజమాని క్రెమెన్‌కు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఎవరూ చేయలేదు. పేరు చేతులు మారిపోయింది.

అది దొంగ ఉత్తరం. కోహెన్ ఆ ఏడాదే జైలు నుంచి బయటికొచ్చిన మనిషి. క్రెమెన్ సామాన్యుడేం కాదు, మ్యాచ్.కామ్ మొదలుపెట్టినవాడు. అయినా కోర్టు చుట్టూ తిరిగి తన పేరు తను తెచ్చుకోవడానికి ఐదేళ్లు పట్టింది. 2000 నవంబరులో పేరు తిరిగొచ్చింది. 2001 ఏప్రిల్‌లో కోహెన్ 6.5 కోట్ల డాలర్లు కట్టాలని కోర్టు తీర్పిచ్చింది. అతను అప్పటికే మెక్సికోకి పారిపోయాడు, 2005లో గానీ దొరకలేదు.

క్రెమెన్ అంతటితో ఆగలేదు. అడగకుండా పేరు రాసిచ్చేసిన నెట్‌వర్క్ సొల్యూషన్స్ మీద కూడా దావా వేశాడు. కంటికి కనిపించని పేరు ఆస్తి ఎలా అవుతుందన్నది అక్కడొచ్చిన ప్రశ్న. 2003లో అప్పీలు కోర్టు డొమైన్ పేరు ఆస్తేనని తేల్చింది. పేరు రిజిస్టర్ చేసుకోవడాన్ని రిజిస్ట్రేషన్ ఆఫీసులో భూమి రాయించుకోవడంతో పోల్చింది. ఈ పోలిక మనవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా స్థలానికి బయానా ఇవ్వని మనుషులం మనం. డొమైన్ పేరు కొనేటప్పుడు మాత్రం అవేవీ గుర్తుకురావు.

ఈ కథ నాకు ఊరికే గుర్తురాలేదు. పోయిన వేసవిలో గుంటూరు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఫోన్ తెరిచి ఒక జాబితా చూపించాడు. ముప్పైనాలుగు డొమైన్ పేర్లు. “ఒక్కోటి తొంభైతొమ్మిది రూపాయలకే కొన్నా మామయ్యా. ఒక్కటి అమ్ముడుపోతే చాలు, అన్నీ వచ్చేస్తాయి” అన్నాడు. కళ్లల్లో ఆశ కనిపిస్తోంది. జాబితా మెల్లగా చదివాను. విడుదల కావలసిన రెండు సినిమాల పేర్లున్నాయి. ఒక పెద్ద బ్యాంకు పేరుకు ‘లోన్స్’ తగిలించిన పేరుంది. ఒక కార్పొరేట్ ఆసుపత్రి పేరు, ఒక్క అక్షరం తేడాతో. మిగతావి మామూలు మాటలు. వాడికి ఏం చెప్పాలా అని ఆ రాత్రి ఆలోచిస్తుంటే నాకు తట్టినవన్నీ పాత తగాదాలే. ఈ వ్యాపారంలో ప్రతి నియమమూ ఒక తగాదా నుంచి పుట్టిందే.

మొదట్లో ఇది వ్యాపారమే కాదు. ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కంప్యూటర్లు పెరిగేసరికి ఒక్కచోట రాసుకోవడం కుదరలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఇప్పుడున్న పేర్ల వ్యవస్థను రూపొందించాడు. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంప్యూటర్ల కంపెనీ మొట్టమొదటి డాట్‌కామ్ పేరు తీసుకుంది. ఆ ఏడాది మొత్తానికి రిజిస్టరైన డాట్‌కామ్‌లు ఆరే. రుసుము లేదు, పోటీ లేదు, అడిగిన వాళ్లకి అడిగిన పేరు.

ఆ ఉచితపు రోజులు ముగుస్తున్న 1994లో జాషువా క్విట్నర్ అనే విలేకరికి ఒక సందేహం వచ్చింది. పెద్ద కంపెనీల పేర్లు ఎవరైనా తీసేసుకుంటే? మెక్‌డొనాల్డ్స్‌కు ఫోన్ చేసి, మీ పేరు తీసుకోరా అని అడిగాడు. వాళ్లు పట్టించుకోలేదు. దాంతో మెక్‌డొనాల్డ్స్.కామ్‌ను తనే రిజిస్టర్ చేసుకుని, ఆ సంగతి వైర్డ్ పత్రికలో రాశాడు. చివరికి బ్రూక్లిన్‌లోని ఒక బడికి ఇంటర్నెట్ పెట్టించడానికి ఆ కంపెనీ 3,500 డాలర్లు ఇచ్చింది, అతను పేరు ఇచ్చేశాడు. జేబులో వేసుకోలేదు కాబట్టి అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు. అయితే పేరుకు ధర పలుకుతుందని ఊరంతా తెలిసిపోయింది. 1995 సెప్టెంబరు నుంచి రెండేళ్లకు 100 డాలర్ల రుసుము మొదలైంది. అదే ఏడాది చివర్లో డెనిస్ టోపెన్ రంగంలోకి దిగాడు.

టోపెన్ వందకు పైగా పేర్లు రాయించుకున్నాడు. వాటిలో చాలా పేర్లు ఇతరుల కంపెనీలవే. సినిమా కెమెరాల కంపెనీ పానావిజన్ తన పేరు అడిగితే 13,000 డాలర్లు ఇమ్మన్నాడు. పానావిజన్.కామ్ తెరిస్తే కనిపించినవి పానా అనే చిన్న పట్టణం ఫోటోలు. ఇలినాయ్ రాష్ట్రంలో నిజంగానే ఆ పేరుతో ఊరుంది. ఆ ఊరిని చూపిస్తున్నాను, కాబట్టి పేరు నాదే అన్నది అతని వాదన. కంపెనీ డబ్బు ఇవ్వనంది. అప్పుడతను పానాఫ్లెక్స్.కామ్ కూడా రాయించుకుని అందులో ‘హలో’ అన్న ఒక్క మాట పెట్టాడు. పానాఫ్లెక్స్ ఆ కంపెనీ కెమెరా పేరు. కంపెనీ కోర్టుకెళ్లింది. 1998లో అప్పీలు కోర్టు కూడా టోపెన్‌కు వ్యతిరేకంగానే తేల్చింది. మరుసటి ఏడాది అమెరికా చట్టం తెచ్చింది. ఇంకొకరి పేరు దురుద్దేశంతో రాయించుకుంటే ఒక్కో డొమైన్‌కు లక్ష డాలర్ల దాకా కట్టాల్సి రావచ్చు. మన భాషలో ఇది కబ్జా. ఖాళీగా కనిపించినంత మాత్రాన ఆ స్థలం మనదైపోదు.

సరిగ్గా అదే కాలంలో ఇంకో బేరం జరిగింది. మార్క్ ఓస్ట్రోఫ్‌స్కీ అనే టెక్సాస్ వ్యాపారి బిజినెస్.కామ్‌ను 1,50,000 డాలర్లకు కొన్నాడు. 1999లో దాన్ని 75 లక్షల డాలర్లకు అమ్మాడు. అతన్ని ఏ కోర్టూ పిలవలేదు. బిజినెస్ అనే మాట ఏ ఒక్కరి సొత్తూ కాదు, దాని అవసరం మాత్రం వేలమందికి ఉంది. టోపెన్ పేర్లకు కొనగలిగినవాడు ఒక్కొక్కడే. పైగా ఆ ఒక్కడే యజమాని. నా దృష్టిలో ఈ వ్యాపారం మొత్తంలో మొదట తెలుసుకోవలసిన తేడా ఇదే, ఎంత చెప్పినా తక్కువే. పేరుకు ఎంతమంది కొనుగోలుదారులు ఉండగలరో వేళ్ల మీద లెక్కపెట్టాలి. లెక్క ఒక్కరి దగ్గరే ఆగిపోతే అది బేరం కాదు, బెదిరింపు.

మన దేశంలో ఈ తగాదా మీద 1999 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు వచ్చింది. యాహూఇండియా.కామ్ పెట్టినవాళ్లను అలా వాడుకోవద్దని కోర్టు ఆపింది. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ కూడా అదే కోర్టుకెళ్లింది. డాక్టర్‌రెడ్డీస్‌ల్యాబ్.కామ్ అని వేరేవాళ్లు రాయించుకున్నారు, 2001లో తీర్పు కంపెనీ వైపే వచ్చింది. అయితే దేశమంతటికీ ఒక దారి వేసిన కేసు సిఫీది.

సత్యం ఇన్ఫోవే అప్పట్లో హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు పిల్ల కంపెనీ. సత్యం, ఇన్ఫోవే అన్న రెండు మాటల్లోని అక్షరాలు కలిపి సిఫీ అని పేరు పెట్టుకుంది. ఆ పేరుతో 1999లో సిఫీనెట్, సిఫీమాల్ వంటి డొమైన్లు తీసుకుంది. అదే ఏడాది నవంబరులో 499 కోట్ల రూపాయలకు ఇండియావరల్డ్ కొనుగోలు ఒప్పందం చేసుకుంది. రాజేశ్ జైన్ నడిపిన ఖోజ్, ఖేల్, సమాచార్, బావర్చీ సైట్లు అందులోవే. అన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటలు. కొన్నది ఉత్త మాటలను కాదు, రోజూ ఆ గుమ్మంలోకి వచ్చిపోయే మనుషులను.

2001లో సిఫీకి ఒక ‘ఎఫ్’ ఎక్కువ చేర్చి సిఫ్ఫీనెట్ అనే పేరు ఇంకో కంపెనీ తీసుకుంది. అడిగితే, మా ఐదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపాం అన్నారు. బెంగళూరు సివిల్ కోర్టు సిఫీ వైపు మొగ్గింది, కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టు సివిల్ కోర్టు మాటే నిలబెట్టింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదనీ, వ్యాపారానికి గుర్తు కూడా అవుతుందనీ చెప్పింది. డొమైన్ల కోసం మనకు ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును ఇంకొకరిదిగా నమ్మించడాన్ని ఆపే పాత న్యాయం ఇక్కడా వర్తిస్తుందంది. మా మేనల్లుడి జాబితాలోని ఆసుపత్రి పేరు, అదే ఒక్క అక్షరం తేడా, నాకు గుండెల్లో గుచ్చుకున్నది ఇందుకే.

కోర్టుల దాకా పోనక్కర్లేని మార్గం కూడా 1999లోనే వచ్చింది. మధ్యవర్తి ప్యానెల్ కాగితాలు చూసి పేరు ఎవరికి చెందాలో తేలుస్తుంది. తొలి కేసు అమెరికా కుస్తీ సంస్థ వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వేసింది. ఆ పేరు రాయించుకున్న వ్యక్తి మూడు రోజులకే దాన్ని వాళ్లకు 1,000 డాలర్లకు అమ్మజూపాడు. అలా అమ్మజూపడమే దురుద్దేశానికి రుజువైంది. 2000 జనవరిలో పేరు పోయింది. ‘మీ పేరు నా దగ్గరుంది, కొంటారా’ అని కంపెనీకి మెయిలు పెట్టే కుర్రాళ్లు తమ మీద తామే సాక్ష్యం రాసిస్తున్నారు. డాట్‌ఇన్ పేర్లకు మన దేశంలోనూ ఇలాంటి పద్ధతే ఉంది.

తెల్లారి కాఫీ తాగుతూ వాడికి ఇవన్నీ చెప్పాను. “మరి బాగానే ఉన్న పేర్ల సంగతేంటి మామయ్యా?” అని అడిగాడు. రెన్యువల్ ఎంతో చూడమన్నాను. చూశాడు. మొదటి ఏడాది తొంభైతొమ్మిది అన్న పేర్లకు రెండో ఏడాది పన్నెండు వందల పైమాటే. ముప్పైనాలుగింటికీ కలిపితే నలభై వేలు దాటుతోంది. వాడి ముఖం చిన్నబోయింది. కోర్టు ఆస్తి అన్నా, ఇది ఏటా కౌలు కట్టాల్సిన ఆస్తి. కట్టకపోతే పేరు కొన్నాళ్లు గడువులో ఉంటుంది, తర్వాత జరిమానాతో విడిపించుకోవాలి, ఆపైన ఎవరికైనా దక్కుతుంది. మైక్రోసాఫ్ట్ అంతటిదే 1999 క్రిస్మస్ వేళ పాస్‌పోర్ట్.కామ్ రుసుము కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్లు ఆగిపోయాయి. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్ తన కార్డు మీద 35 డాలర్లు కట్టి ఆ తలుపు తెరిపించాడు. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది.

వాడు సినిమా పేర్లు, బ్యాంకు పేరు, ఆసుపత్రి పేరు ఆ రోజే తీయించేశాడు. మిగతావాటిలో ఒక్కో పేరు పైకి పలికించాను. ఫోన్లో చెబితే అవతలివాళ్లు తప్పులేకుండా రాసుకోగలరా అన్నది చూశాం. మన మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడు ‘త’కు ‘హెచ్’ పెట్టాలా వద్దా అన్న చోటే సగం పేర్లు పోయాయి. చివరికి ఆరు మిగిలాయి. అందులో ఒకటి విత్తనాల వ్యాపారానికి సరిపోయే పేరు. గుంటూరు చుట్టుపక్కల ఆ వ్యాపారం చేసేవాళ్లు ఎంతమందో వాడికే తెలుసు.

మొన్న సంక్రాంతికి ముందు ఫోన్ చేశాడు. ఆ పేరు కావాలని ఒకాయన అడిగాడట. ఇరవై ఐదు వేలకు ఒప్పుకున్నాడట. ముందు పేరు తన ఖాతాకి మారిస్తే సాయంత్రం డబ్బు పంపుతానంటున్నాడట. “ఏం చేయమంటావు మామయ్యా?” అన్నాడు. డబ్బు మధ్యవర్తి ఎస్క్రో ఖాతాలో పడినట్టు చూసుకున్నాకే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వమన్నాను. అందులో పడిందన్న మెయిలును నమ్మకుండా తనే లాగిన్ అయి చూసుకోమన్నాను. ఆయన రెండు రోజులు పలకలేదు. మూడో రోజు ఎస్క్రోలో వేశాడు.