పేట్లబురుజు కిట్‌లో పౌడరు డబ్బా

మా పాపకి నాలుగో నెలలో మెడ మడతల్లో ఎర్రగా పేలింది. అత్తమ్మ కొబ్బరినూనె పట్టించి సున్నిపిండితో రుద్దుదామంది. మా అమ్మ ఇంత పౌడరు చల్లితే సరిపోతుందంది. నేను ఫోన్లో లేబుళ్ళ మీది పేర్లు వెతుక్కుంటూ కూర్చున్నాను. "ముగ్గురూ జర ఆగుండ్రి, ముందుగాల బిడ్డ మెడ తుడువనియ్యుండ్రి" అంది మా ఆవిడ.

మాది పాతబస్తీలో గౌలిపురా. ఆ రాత్రి ఆలోచిస్తే అనిపించింది, మా ముగ్గురి మాటల వెనకా ఒక్కో కాలం ఉందని. పసిపిల్ల ఒంటికి ఏం రాయాలో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నకి ఆయా కాలాలు ఇచ్చిన జవాబులే మేం ముగ్గురం చెప్తున్నాం.

అత్తమ్మ కాలంలో అది కొనే వస్తువు కాదు. మినప్పిండో పెసరపిండో, చిటికెడు పసుపు, వంటింట్లో ఉన్న నూనె. మంత్రసానో ఇంటి పెద్దావిడో కాళ్ళు చాపి, బిడ్డని వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది. తర్వాత సాంబ్రాణి పొగ. ఈ కాలాన్ని తలుచుకుని మురిసిపోవడం తేలికే. కానీ ఆ పొగ పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు. చార్మినార్ చుట్టుపక్కల అత్తరుతో పాటు అమ్మే సుర్మా సంగతీ ఉంది. సంప్రదాయ సుర్మాలో చాలావాటికి మూలం గెలీనా, అంటే సీసపు ఖనిజం. సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దిష్టి తగలొద్దని పెట్టిన నలుపు లోపలికి వెళ్తే ఏమవుతుందో ఆ పెద్దావిడకి తెలిసే దారి లేదు.

అమ్మ చెప్పిన పౌడరుది వేరే కథ. జాన్సన్ కంపెనీ బేబీ పౌడరు అమెరికాలో 1894లో మార్కెట్లోకి వచ్చింది. అందులో ప్రధానంగా ఉన్నది టాల్క్. మనకి కొత్త రాయేం కాదు, పలక మీద దిద్దిన బలపం కూడా అదే జాతి. ఖనిజాల్లో అన్నిటికన్నా మెత్తనిది. చిక్కేమిటంటే టాల్క్ పుట్టే రాళ్ళ దగ్గరే ఆస్బెస్టాస్ కూడా పుట్టగలదు. మన పులివెందుల, వేంపల్లి వైపు డోలమైట్ రాళ్ళలో ఆస్బెస్టాస్ గనులు ఉండేవి. బలపం రాయి కూడా కడప, కర్నూలు ప్రాంతాల్లో అలాంటి డోలమైట్‌లోనే దొరుకుతుంది. డబ్బా మీద నవ్వే పాపాయి బొమ్మలో ఈ భూగర్భ శాస్త్రం కనపడదు కదా.

ఈ కథలోకి ప్రభుత్వం వచ్చింది మా ఇంటికి దగ్గర్లోనే. 2017 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో 'కేసీఆర్ కిట్' పథకం మొదలుపెట్టారు. సర్కారు దవాఖానాలో కాన్పయితే మగబిడ్డకి 12,000, ఆడబిడ్డకి 13,000 రూపాయలు విడతలుగా ఇస్తామన్నారు. దాంతో పాటు 16 వస్తువుల కిట్: దోమతెర, బట్టలు, చీరలు, తువ్వాళ్ళు, సబ్బు, బేబీ ఆయిలు, బేబీ పౌడరు. ఫిన్లాండ్ 1938 నుంచి తల్లులకి ఇలాంటి పెట్టె ఇస్తోంది. తమిళనాడు 2015లో అమ్మ కిట్ పెట్టింది. ఆడవాళ్ళు ఆసుపత్రికి రావాలి, కూలి పోయిన రోజులకి కొంత డబ్బు చేతికి అందాలి అన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

కానీ ఆ పౌడరు ఎందుకు? పసిపిల్లలకి అది అవసరం లేదని, చల్లినప్పుడు లేచే ధూళి ఊపిరిలోకి పోతే ప్రమాదమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అప్పటికే చెప్పింది. మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ కూతురికి ఆ ఏడే కిట్ వచ్చింది. ఈమధ్య అడిగితే నవ్వి, "టీవీల చూసినదే అన్నా, మా బిడ్డకు గూడ అచ్చింది. దగ్గరికి తీసుకుంటె ఆ వాసనే వేరే ఉండె" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మేం ఎప్పుడో అనుభవించి ఇప్పుడు వద్దనుకుంటున్నది ఆమెకి మొదటిసారి చేతికొచ్చింది.

ఆ తర్వాతే పౌడరు మీద కేసులు మన పేపర్లలో గట్టిగా వినపడ్డాయి. టాల్క్‌లో ఒక్కోసారి కొద్దిపాటి ఆస్బెస్టాస్ ఉంటోందని కంపెనీకి దశాబ్దాలుగా తెలుసంటూ రాయిటర్స్ 2018 డిసెంబర్‌లో కథనం రాసింది. కంపెనీ ఒప్పుకోలేదు, ఇప్పటికీ తన పౌడరు సురక్షితమనే అంటుంది. అయినా 2020లో అమెరికా, కెనడాల్లో, 2023లో ప్రపంచమంతటా టాల్క్ పౌడరు ఆపి మొక్కజొన్న పిండికి మారింది. ఇక్కడ గొడవ వేరు. 2018 చివర్లో మహారాష్ట్ర అధికారులు తీసుకున్న నమూనాలో పీహెచ్ హద్దు దాటిందని తేలింది. ములుంద్ ఫ్యాక్టరీ లైసెన్సు రద్దయింది 2022 సెప్టెంబర్‌లో. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. ఎవరిది ఒప్పన్నది పక్కన పెట్టండి. నమూనా తీసినప్పుడు ఆ పౌడరు రాసుకున్న పసివాడు, నిర్ణయం వచ్చేసరికి నర్సరీకి వెళ్తున్నాడు.

ఇక నా కాలం. ఇప్పుడు మాలాంటి వాళ్ళకి సున్నిపిండే గాజు సీసాలో, 'సహజం' అన్న ముద్రతో, నాలుగైదు రెట్ల ధరకి ఆన్‌లైన్లో వస్తోంది. అత్తమ్మ వంటింటి పిండిని కాదని నేను కార్ట్‌లో వేసుకున్నది కూడా అదే. సహజమన్న మాటని నమ్మితే సుర్మా కూడా సహజమే. వెనక లేబుల్ చదివేస్తే నిర్ణయం నా చేతిలో ఉన్నట్టు ఉంటుంది. కానీ ఆ పేర్లలో సగం నాకు తెలియవు. మంత్రసాని చేయి బాగాలేకపోతే మొహం మీదే అడిగేవాళ్ళు. నేనెవర్ని అడగాలి?

మర్నాడు డాక్టర్ చూసి చీటీ మీద ఏ క్రీమూ రాయలేదు. పాలు, చెమట మడతల్లో నిలుస్తున్నాయట. గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, మెత్తటి బట్టతో తడి అద్ది, కాసేపు గాలి తగలనివ్వమన్నారు. నాలుగు రోజుల్లో తగ్గింది.

కార్ట్ ఖాళీ చేశాను. మా అమ్మ మాత్రం ఆ పౌడరు డబ్బా పారేయలేదు, కేరమ్ బోర్డుకి పనికొస్తుందట.