హైదరాబాద్ రాజ్యపు చార్మినార్ నాణేలు: స్థితి నిర్ణయం, శ్రేణి విభజన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాత నాణెం విలువను నిర్ణయించే అంశాలలో దాని స్థితి ముఖ్యమైనది. నేటి సేకర్తలు వాడే శ్రేణి విభజన అమెరికా నాణేల ఆధారంగా రూపొందింది. దక్కన్ నాణేలకు దానిని అన్వయించేటప్పుడు ముద్రణలోని లోపానికీ, చలామణీలో కలిగిన అరుగుదలకూ మధ్య తేడా మరుగున పడే ప్రమాదం ఉంది. హైదరాబాద్ రాజ్యపు హాలీ సిక్కా నాణేలను, ముఖ్యంగా చార్మినార్ రూపాయిని ఆధారంగా చేసుకొని స్థితి నిర్ణయ పద్ధతులను వివరించడం, సేకర్త దృష్టికీ చరిత్రకారుని దృష్టికీ గల భేదాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నాణేల శాస్త్రం, హాలీ సిక్కా, చార్మినార్ రూపాయి, టంకశాల, షరాబు, వట్టం, కోటిలింగాల.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘నాణెము’, ‘నాణ్యము’ అన్న మాటలు రెండూ ‘నాణకం’తో ముడిపడినవే. ‘నాణ్యమైన సరుకు’ అన్నప్పుడు మేలిమిని సూచించే మాటలో నాణెం దాగి ఉంది. నాణేన్ని చేతిలోకి తీసుకోవడమంటే దానిని పరీక్షించడమే అన్న అనుభవం ఈ పదబంధుత్వంలో కనిపిస్తుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం నాణేల ముద్రణకు లక్షణాధ్యక్షుణ్ణి, చలామణీలోని నాణేల పరీక్షకు రూపదర్శకుణ్ణి వేరువేరుగా పేర్కొన్నది. ముద్రించడం ఒక విద్య, పరీక్షించడం మరొక విద్య అన్న స్పృహ అంత పాతది.

హైదరాబాద్‌లో ఈ రెండు విద్యల చరిత్రకూ స్థలాలు నేటికీ ఉన్నాయి. 1803లో పాతనగరంలోని సుల్తాన్‌షాహీలో నెలకొన్న టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి తరలింది. సైబరాబాద్ ఐటీ కారిడార్ వైపున ఉన్న మూసాపేటలో మెట్రో ఎక్కినవారు అదే మార్గంలో లక్డీకాపూల్‌లో దిగితే సైఫాబాద్ పాత టంకశాల సమీపానికి చేరుకుంటారు. 2022లో అక్కడ నాణేల ప్రదర్శనశాల ప్రారంభమైంది. చార్మినార్ రూపాయి చరిత్ర ఈ ప్రాంగణంతోనే పెనవేసుకున్నది.

2. షరాబు పరీక్ష – వట్టం:
నాణెం స్థితిని నిర్ణయించిన తొలి నిపుణుడు సేకర్త కాడు, షరాబు. గీటురాయి మీద గీసి వన్నె చూడడం, రాతి మీద మోగించి శబ్దం వినడం, త్రాసులో తూచడం అతని పరీక్షలు. పరీక్షకు గుర్తుగా నాణెం మీద చిన్న ముద్ర కొట్టడమూ వాడుకలో ఉండేది. నాణెం తరిగినా, పాతబడినా, పరాయి టంకశాలదైనా మారకంలో కొంత సొమ్ము తగ్గించేవారు. దానినే తెలుగులో వట్టం అన్నారు.

ఈ వట్టం అరుగుదల మీద మాత్రమే ఆధారపడలేదు. బెంగాల్‌లో పాలన సంవత్సరం మారితే, రూపాయి చెక్కుచెదరకున్నా వట్టం పడేది. ఆ చిక్కును తొలగించడానికే ఈస్టిండియా కంపెనీ షా ఆలం 19వ పాలన సంవత్సరాన్ని మార్చకుండా ఏటా అదే ముద్రించింది. నాడు వయసు నాణేనికి లోపం. నేటి సేకర్తకు వయసు లోపం కాదు, అరుగుదల మాత్రమే లోపం.

కంపెనీ 1835లో చేసిన 17వ చట్టం స్థితి నిర్ణయానికి స్పష్టమైన కొలత ఇచ్చింది. బరువులో నూటికి రెండు వంతులకు మించి తరగని రూపాయి చెల్లుతుంది. 180 గ్రెయిన్ల (సుమారు 11.66 గ్రాముల) రూపాయికి ఈ హద్దు దాదాపు 0.23 గ్రాములు. అయితే అంచు కత్తిరించినా, ఆకురాయితో రాసినా, వాడకం వల్ల కాక మరో విధంగా రూపు చెడినా ఆ నాణెం చెల్లదు. సహజమైన అరుగుదల వేరు, బుద్ధిపూర్వకమైన హాని వేరు అన్న ఈ విభజనే నేటి శ్రేణి నిర్ణయానికీ పునాది.

3. హాలీ సిక్కా – చార్మినార్ రూపాయి:
1857 తిరుగుబాటు తర్వాత హైదరాబాద్ నాణేల మీద మొగలు చక్రవర్తి పేరు తొలగింది. హిజ్రీ 1274 (క్రీ.శ. 1857–58) నుంచి నిజాముల్ముల్క్ ఆసఫ్ జా పేరు, దానితోపాటు 92 అనే అంకె కనిపిస్తాయి. అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ అన్న పేరుకు వచ్చే మొత్తమే 92. ఈ నాణేలు చేతితో ముద్రించినవి. అచ్చు కన్నా బిళ్ళ చిన్నది కావడంతో అక్షరాలలో కొంత భాగం బిళ్ళ వెలుపలే ఉండిపోయేది.

మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321 (1903–04)లో, యంత్రంతో ముద్రించిన చార్మినార్ రూపాయి వచ్చింది. ఒకవైపు చార్మినార్, చుట్టూ ఆసఫ్‌జాహీ బిరుదు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. రెండోవైపు విలువ, పాలన సంవత్సరం, ‘ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’ అన్న టంకశాల పేరు ఉంటాయి. దీని బరువు 11.178 గ్రాములు, వెండి 81.8 శాతం.

ఈ అంకెలే ఆ నాణెపు మారకాన్ని వివరిస్తాయి. ఒక హాలీ రూపాయిలో వెండి సుమారు 9.14 గ్రాములు. 91.67 శాతం వెండి గల బ్రిటిష్ ఇండియా రూపాయిలో సుమారు 10.69 గ్రాములు. ఏడు హాలీ రూపాయలలోని వెండి 64.0 గ్రాములు, ఆరు బ్రిటిష్ రూపాయలలోనిది 64.15 గ్రాములు. ఏడింటికి ఆరు అన్న మారకపు రేటు వెండి లెక్కకు ఇంత దగ్గరగా ఉంది.

4. చార్మినార్ ద్వారంలోని అక్షరం:
చార్మినార్ ద్వారం నడుమ పాలకుని పేరులోని తొలి అక్షరం ఉంటుంది. మహబూబ్‌కు ‘మీమ్’, ఉస్మాన్‌కు ‘ఐన్’. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ మరణించగా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలకుడయ్యాడు. హిజ్రీ 1329లో ఈ విధంగా ఇద్దరి పాలనా ఉంది. కనుక ఆ సంవత్సరాంకం ఒక్కటే పాలకుణ్ణి నిర్ణయించలేదు. ద్వారంలోని అక్షరం, వెనుకవైపున ఉన్న పాలన సంవత్సరం కలిపి చూడాలి. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏళ్ళ రూపాయలలో ‘ఐన్’ అసంపూర్ణంగా ఉన్న రకం, సంపూర్ణంగా ఉన్న రకం అని రెండున్నాయి.

ఇక్కడ స్థితి నిర్ణయం అందచందాలకు పరిమితం కాదు. అక్షరం అరిగిపోతే సంపూర్ణమైన ‘ఐన్’ అసంపూర్ణంగా కనిపించవచ్చు. అరుగుదలను రకభేదంగా పొరబడితే నాణెం ధరతోపాటు పట్టిక కూడా తప్పుతుంది. అందువల్ల మినారుల అంచులు, పై అంతస్తు గీతలు, ద్వారం చుట్టూ ఉన్న సన్నని రేఖలు ఏ మేరకు నిలిచాయో ముందుగా చూడాలి. అవి పదునుగా ఉండి అక్షరం మాత్రమే కురచగా ఉంటే అది అచ్చులోని భేదం కావచ్చు. అన్నీ మొద్దుబారి ఉంటే అది అరుగుదల.

5. డెబ్బై అంకెల కొలమానం – పరిమితులు:
1949లో విలియం షెల్డన్ అమెరికా తొలినాటి పెద్ద సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలమానం ప్రతిపాదించాడు. ఆ తర్వాత అది ఇతర నాణేలకూ విస్తరించింది. ‘ఫైన్’కు 12, ‘వెరీ ఫైన్’కు 20, ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’కు 40తో మొదలై, చలామణీ గుర్తులు లేని నాణేలకు 60 నుంచి 70 వరకు అంకెలు కేటాయించారు. 1980ల మధ్య నుంచి అమెరికా సంస్థలు నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో మూసి, శ్రేణి రాసి ఇవ్వడం మొదలుపెట్టాయి.

యంత్రంతో ముద్రించిన చార్మినార్ రూపాయికి ఈ కొలమానం చాలావరకు నప్పుతుంది. చేతితో ముద్రించిన హాలీ సిక్కాకు నప్పడం కష్టం. అక్కడ అక్షరం లేకపోవడానికి బిళ్ళ చిన్నదవడం, అచ్చు పక్కకు జరగడం, దెబ్బ బలంగా పడకపోవడం కారణాలు కావచ్చు. చలామణీలో తిరగని నాణెం కూడా అసంపూర్ణంగా కనిపించవచ్చు. కాబట్టి ముద్రణ స్థితి, అరుగుదల, బిళ్ళ మీద అచ్చు కేంద్రీకరణ, ఉపరితలం అనే నాలుగింటినీ విడివిడిగా నమోదు చేయడం సరైన పద్ధతి.

ఉపరితలానికి ముప్పు ఎక్కువగా శుభ్రపరచడం వల్లనే కలుగుతుంది. వెండి మీద గాలిలోని గంధకం వల్ల ఏర్పడే నల్లని పొరను చింతపండుతోనో విభూతితోనో తోమి, లక్ష్మీపూజకు మెరిపించడం తెలుగు ఇళ్ళలో వాడుక. ఆ మెరుపుతోపాటు సన్నని గీతలు పడతాయి, అసలు ఉపరితలం పోతుంది. తిరిగి నల్లబడినా ఆ గీతలు మానవు. తోమిన నాణెం మెరిసినా దాని శ్రేణి తగ్గుతుంది.

6. చరిత్రకారుని శ్రేణి:
సేకర్త లోపమనేది చరిత్రకు సాక్ష్యం కావచ్చు. షరాబు ముద్ర ఆ నాణెం చేతులు మారి పరీక్షకు నిలిచిందని చెబుతుంది. దండలో కూర్చడానికి అతికిన కొక్కెపు గుర్తు, రూపాయి సొమ్ముగా కాక సొత్తుగా మారిన తీరును చెబుతుంది. ఒక రాశిలోని నాణేల అరుగుదల వాటి చలామణీ కాలాన్ని అంచనా వేయడానికి తోడ్పడుతుంది.

దీనికి తెలంగాణలోనే బలమైన ఉదాహరణ ఉంది. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో సంగనభట్ల నరహరిశర్మ నేలమీద దొరికిన నాణేలను సేకరించగా, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి పండితలోకం దృష్టికి తెచ్చారు. గోభద, సమగోప వంటి పాలకుల పేర్లు, సిముకునివిగా గుర్తించిన నాణేలు శాతవాహనుల ఆరంభ చరిత్రపై చర్చను కొత్త దారికి మళ్ళించాయి. మట్టిలో క్షయించిన అటువంటి నాణేలకు డెబ్బై అంకెల కొలమానంలో దక్కేది అడుగుస్థానమే. మెరుపు కోసం ఎవరైనా వాటిని ఆమ్లంలో ముంచి ఉంటే, మిగిలిన కొద్ది బ్రాహ్మీ అక్షరాలూ కరిగిపోయేవి.

దొరికిన చోటు తెలియడం కూడా నాణెం స్థితిలో భాగమే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం, పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని నిర్దేశించింది. రాశి నుంచి వేరై, ఊరి పేరు లేకుండా అమ్ముడైన నాణేనికి ఎంత గొప్ప శ్రేణి లభించినా, అది సగం మూగబోయిన సాక్షి.

7. ముగింపు:
* నాణెం స్థితిని నిర్ణయించడం నేటి సేకర్తల సృష్టి కాదు. షరాబు పరీక్షలోనూ, 1835 చట్టంలోనూ దాని పూర్వరూపాలున్నాయి.
* యంత్రంతో ముద్రించిన చార్మినార్ రూపాయికీ, చేతితో ముద్రించిన హాలీ సిక్కాకూ ఒకే కొలమానం చాలదు. ముద్రణ లోపాన్ని అరుగుదల నుంచి వేరుచేసి చూడాలి.
* ద్వారంలోని ‘మీమ్’, ‘ఐన్’ అక్షరాల స్థితి పాలకుని గుర్తింపునూ, రకభేదాన్నీ నిర్ణయిస్తుంది.
* నాణేలను తోమడం, ఆమ్లాలతో శుభ్రపరచడం వల్ల ధరతోపాటు ఆధారమూ నశిస్తుంది.
* కళాశాలల్లో, గ్రంథాలయాల్లో ఉన్న నాణేలకు పట్టికలు తయారుచేసేటప్పుడు శ్రేణితోపాటు బరువు, షరాబు ముద్రలు, కొక్కెపు గుర్తులు, లభించిన స్థలం నమోదు చేయాలి. మార్కెట్టు తక్కువ శ్రేణి కట్టిన నాణెమే చరిత్రలో ఎక్కువ చెప్పగలదని కోటిలింగాల అనుభవం నిరూపిస్తున్నది.