మధుమేహము – అశక్తభృతి

యంత్రమునబడి చేయి నలిగిన కూలివాడు తాను పనికి ఏనాడు అశక్తుడయ్యెనో చెప్పగలడు. మధుమేహి చెప్పలేడు. అతని శక్తి కంటిలో కొంత, కాలిలో కొంత, మూత్రపిండములలో కొంతగా అనేక సంవత్సరములు తరుగుచు వచ్చినది. అశక్తులకు భృతి నొసగు శాసనములు ఇట్టి తరుగుదలను కొలుచుటకు ఎంత ప్రయాసపడెనో అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్ర వలన మనకు తెలియగలదు.

ఈ రోగమును మన ప్రాచీన వైద్యు లెరుగుదురు; మధుమేహమను పేరే వారు పెట్టినది. కాని బాల్యమున సోకిన మధుమేహమునకు మందు చిరకాలము దొరకలేదు. 1922 జనవరిలో టొరాంటో నగరపు ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు బాంటింగు, బెస్టు సిద్ధపరచిన ద్రవ్యమును 11వ తేదీన ఎక్కించిరి. అది ఫలింపలేదు. కాలిప్ శుద్ధిచేసిన ద్రవ్యమును 23వ తేదీన ఇయ్యగా గుణము కనబడెను. ఆ బాలుడు మరి పదుమూడేండ్లు జీవించెను. అదియే ఇన్సులిన్.

మరణము దూరమైన కొలది, మునుపు రోగి చూడనంతటి దీర్ఘకాలమున పుట్టు ఉపద్రవములు బయటపడెను. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అను వైద్యులు మధుమేహుల మూత్రపిండములలోని వికారమును వర్ణించిరి. చూపు మందగించుట, పాదములు తిమ్మిరెక్కుట, మానని పుండ్లు, కాలు తీసివేయవలసి వచ్చుట – ఇవి బ్రతికిన రోగుల కష్టములు. మందు రోగిని బ్రతికించెను. పనిచేయలేని వానికి జీవనాధార మేదను ప్రశ్న శాసనకర్తలకు మిగిలెను.

జర్మనీదేశము 1889లోనే అశక్తులకు భీమా నేర్పరచెను. అమెరికాలో 1935నాటి సాంఘికభద్రతా శాసనమున వృద్ధుల ప్రసక్తి యున్నదే కాని, పనిచేయలేని కార్మికునకు భృతి లేదు. 1956లో అధ్యక్షుడు ఐసన్‌హోవరు సంతకముచేసిన సవరణవలన ఆ భృతి ఏర్పడెను. కాని ఏబదియేండ్లు నిండినవారికే. బాల్యమున రోగము సోకి ముప్పదియేండ్లకే చూపు పోగొట్టుకొన్న వానిని అది ఇరువదియేండ్లు ఆగుమన్నట్లయ్యెను. 1960లో ఈ వయోనిబంధనను తొలగించిరి. అశక్తత పండ్రెండు మాసములైనను నిలుచునదిగానో, మరణహేతువుగానో ఉండవలెనను నియమము 1965లో వచ్చెను.

1980నాటి శాసనము భృతి పొందువారిని మరల మరల పరీక్షింపుమని ఆజ్ఞాపించెను. 1981 మొదలు అనేకులు భృతి కోల్పోయి న్యాయస్థానముల నాశ్రయించిరి. ఆ ఆందోళన ఫలితముగా 1984లో వచ్చిన సంస్కరణశాసనము, లోపములను వేరువేరుగాగాక అన్నిటి ఫలితమును కలిపి చూడవలెనని విధించెను. మధుమేహికి ఇంతకన్న ముఖ్యమైన వాక్యము ఆ చట్టములలో లేదనవచ్చును. కొంత తగ్గిన చూపుతోను, కొంత మొద్దుబారిన పాదముతోను వేరువేరు మనుష్యులు పనిచేయగలరు. ఆ రెండును ఒక్కనికే కలిగినచో అతడు యంత్రముచెంత నిలువగలడా?

పిమ్మట 2011 జూన్ నెలలో ఆ ప్రభుత్వము పెద్దవారి రోగపట్టికనుండి మధుమేహమును తొలగించెను. చికిత్స అభివృద్ధి చెందినందున రోగనామము చాలదనియు, గుండె, కన్ను, మూత్రపిండము, నరములపై దాని ప్రభావమునే చూడవలెననియు దాని వాదము. నిత్యము ఇన్సులిన్ అవసరమైన ఆరేండ్లలోపు బిడ్డలను మాత్రము మినహాయించిరి. ఈ వాదమున న్యాయము లేకపోలేదు. చక్కెరను అదుపున నుంచినచో కన్ను, మూత్రపిండము, నరముల ఉపద్రవములు తగ్గునని 1993లో ప్రకటితమైన గొప్ప పరిశోధన నిరూపించెను. మధుమేహులనేకులు జీవితాంతము పనిచేయుచునే యున్నారు. కాని ఋజువు భారమంతయు రోగిపై బడెను. పరీక్షాఫలితములు, వైద్యుని వ్రాతలు, ఎంతసేపు నిలువగలడు, ఎంత బరువు మోయగలడు అను వివరములు అతడే చూపవలెను. క్రమముగా వైద్యుని దర్శించుటకు ధనములేని వానికే ఉపద్రవములు ముందుగా వచ్చును. కాగితములు లేకపోవునదియు వానికే. పేదరికము వానిని రెండుమారులు శిక్షించుచున్నది.

మనదేశమున 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొన్నది. వానిలో మధుమేహము లేదు, మూత్రపిండరోగమును లేదు. అంధత్వమును, కాలు పోవుటను కొలిచి, నూటికి నలుబదివంతులున్నచో ముఖ్యమైన సౌకర్యములకు అర్హుడందురు. కాలు తీసివేసిన పిమ్మట ధ్రువపత్రము దొరకును. ఆ కాలు నిలుపుకొనుటకై మానని పుండుతో మాసములకొలది మంచముపట్టిన రైతుకూలికి అది దుర్లభము. అంగము పోయిన పిమ్మట ఇచ్చునదాని కన్న, పోకమునుపు ఇచ్చునది సర్కారునకును లాభమే గదా!

కావున మనము కోరవలసినవి రెండు. లోపములన్నిటిని కలిపి కొలుచు 1984నాటి సూత్రము మన వైద్యమండలులకును ఆదర్శము కావలెను. పల్లెవైద్యశాలలో రోగి చీటిపై చక్కెర అంకెతోపాటు అతడు ఏపని చేయగలడో, ఏపని చేయలేడో వ్రాయు అలవాటు రావలెను. ఆ రెండు పంక్తులు లేకనే ఎందరి అర్జీలో తిరిగివచ్చుచున్నవి.