గంపమీది రాయి

12వ శతాబ్దపు పల్నాటి వైరమునకు బ్రహ్మనాయుని, నాగమ్మల కోడిపోరు నిప్పురవ్వయైనదని వీరగాథ చెప్పగా శ్రద్ధతో వినిన మనము, క్రీడాభిరామమందలి కోడిపందెపు ఘట్టమును ముచ్చటగా చదువుకొనిన మనము, అట్టి పుంజులను చీకటిపడిన పిమ్మట పిల్లివాత బడకుండ కాచిన గంపను గూర్చి మాత్రము ఒక్కమాటైనను తలపము.

పెంపుడుకోడికి పూర్వికమైన అడవికోడి రాత్రివేళ చెట్టుకొమ్మ నాశ్రయించును. చీకటిలో చూపు మందగించు ఆ పక్షికి ఎత్తే రక్ష. పెరటికి దిగివచ్చిన పిమ్మట ఆ రక్షణభారము మనుష్యునిపై పడెను. మేదరులు వెదురుబద్దలతో అల్లిన గంపను పిల్లలకోడిపై బోర్లించి పైన బరువైన రాయి నుంచుట, మట్టిగోడలో గూడు విడిచి దాని మూతిని పలకతో బిగించుట మన పల్లెల పాత ఉపాయములు. రాయి యెందులకని నవ్వరాదు: పంజాతో గంపయంచును ఎత్తజూచు బావురుపిల్లికి ఆ బరువే అడ్డు. ముంగిస పనితనము వేఱు. సందు దొరికిన చాలు దూరును, కావున గూటిలో కన్నము పడకుండ మట్టి మెత్తుచుండుట ఇల్లాలి వంతు. పగటి గద్దకు మాత్రము తల్లికోడి కేకయు, పెరటిలో కూర్చున్న ముసలమ్మ అదిలింపును తప్ప వేఱు ఆయుధము లేకుండెను. నా మతమున ఆ ముసలమ్మయే అన్నిటికంటె గట్టి కావలి.

పిమ్మట ఇనుపవలలు వచ్చినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే అడవిపిల్లిని వేటాడుట నేరమైనది. గంపమీద రాయి పెట్టు అలవాటు మాత్రము పల్లెలలో ఇంకను పోలేదు.