నెమ్మదిగా నడిపితే నేరం

శాన్ హోజే అనగానే మనవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు గుర్తొస్తాయి. ఇదే ఊరి తూర్పు పక్క, కింగ్ రోడ్డూ స్టోరీ రోడ్డూ కలిసే కూడలిలో, చికానోలు దశాబ్దాలుగా కార్లు ఊరేగిస్తున్నారు. చికానోలంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్లు. అందరూ వలసొచ్చినవాళ్లేం కాదు. 1848లో, యుద్ధంలో ఓడిన మెక్సికో కాలిఫోర్నియాను అమెరికాకు వదులుకున్నప్పుడు, కొందరి పూర్వీకులకు ఇల్లు కదలకుండానే దేశం మారింది.

వీళ్ల కార్లే లోరైడర్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లు పాత షెవ్రొలేలు కొని, డిక్కీలో ఇసుక మూటలు పడేసి, స్ప్రింగులు కోసి, బండిని నేలకు దించేవారు. తెల్ల కుర్రాళ్లు వేగం కోసం ఇంజిన్లు మార్చుకుంటుంటే వీళ్ల సరదా నెమ్మదిగా పోవడం. పదిమందీ చూడాలి కదా మరి!

సర్కారుకు ఇది గిట్టలేదు. చక్రం రిమ్ము అడుగు అంచు కన్నా కిందికి కారులో ఏ భాగమూ దిగకూడదన్న నిబంధన 1958 జనవరి 1న కాలిఫోర్నియాలో అమల్లోకొచ్చింది. మరుసటి ఏడాదికల్లా రాన్ అగీరె అనే యువకుడు విమానాల నుంచి తీసేసిన హైడ్రాలిక్ పంపుల్ని తన కార్వెట్‌కు బిగించాడు. స్విచ్ నొక్కితే బండి లేస్తుంది, పోలీసు కనుమరుగవగానే మళ్లీ కూర్చుంటుంది. ఇవాళ పోటీల్లో కార్లు గెంతుతుంటే చప్పట్లు కొడుతున్నామే, ఆ విద్య చట్టం కళ్లుగప్పడానికి పుట్టింది.

ఇక అలంకారం. 'జిప్సీ రోజ్' అని ఇంపీరియల్స్ క్లబ్బుకు చెందిన జెస్సీ వలదేజ్ కారు ఉంది, 1964 నాటి ఇంపాలా. ఒంటినిండా చేత్తో వేసిన గులాబీలు, లోపల గులాబీరంగు వెల్వెట్, పైన షాండ్లియర్. చక్రాల మీద పెళ్లిపందిరే. న్యూ మెక్సికోలోని చిమయో ఊళ్లో డేవిడ్ హరమీయో తన 1969 ఫోర్డ్‌ను తీర్చిదిద్దే పని ముగియకముందే ప్రమాదంలో పోతే, ఇంటివాళ్లు పూర్తిచేశారు. అది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1977లో 'లోరైడర్' పత్రిక మొదలైంది మాత్రం మా శాన్ హోజేలోనే, స్థానిక యూనివర్సిటీ కుర్రాళ్ల చేతుల మీదుగా.

నాకు మింగుడుపడనిది ఒకటే. 2017లో జిప్సీ రోజ్‌ను వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో గాజు గదిలో నిలబెట్టి జాతీయ వారసత్వమన్నారు. ఆ రోజుకు కాలిఫోర్నియాలో చాలా ఊళ్లలో అలాంటి కారును ఒకే వీధిలో పదే పదే తిప్పితే జరిమానా! ట్రాఫిక్, ముఠాలు అని సాకులు చెప్పేవారు. ముఠా గొడవలు అసలే లేవనను. కానీ రెండు తరాలు ముస్తాబు చేసిన బండితో నేరానికి బయల్దేరేదెవరు?

శాన్ హోజే 2022లో ఆ నిషేధం ఎత్తేసింది. 2024 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా అలాంటి నిషేధాలు చెల్లవు. 1958 నాటి ఎత్తు నిబంధనా అదే చట్టంతో పోయింది. కారు లేపాల్సిన పని ఇక లేదు, అయినా గెంతిస్తూనే ఉన్నారు.