డింభకుల సముద్రయానం

పాతాళభైరవి చూసినవారికి 'డింభకుడు' అన్న మాట కొత్త కాదు. సంస్కృతంలో డింభమంటే పసిబిడ్డ. గుడ్డు నుండి వెలువడి ఇంకా తల్లి రూపం పొందని పసిప్రాణిని మన జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు 'డింభకం' అన్నాయి. చక్కని మాట. అయితే సముద్రతీరపు ప్రాణుల విషయంలో ఏ డింభకం ఏ తల్లి బిడ్డో తేలడానికే చాలాకాలం పట్టింది.

నెత్తిన పొడవైన ముల్లు, పెద్ద కళ్లు గల ఒక చిన్న ప్రాణి సముద్రజలాల్లో తేలుతూ కనిపించగా, ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు బోస్క్ 1802లో దానికి 'జోయియా' అని పేరుపెట్టి వేరొక ప్రజాతిగా లెక్కించాడు. జాన్ వాన్ థాంప్సన్ అనే బ్రిటిషు సైనిక వైద్యుడు ఐర్లండులోని కార్క్ రేవులో పనిచేస్తూ, తీరికవేళల్లో పలుచని వలతో సముద్రపు నీటిని వడగట్టి చూసేవాడు. 1823లో అతని వలలో జోయియాలు పడ్డాయి. పాత్రలో ఉంచి కనిపెట్టి చూడగా వాటి రూపం మారసాగింది. 1827లో పీత గుడ్లను పొదిగించాడు. బయటికి వచ్చినవి జోయియాలే! రాళ్లకు అతుక్కొని కదలక మెదలక జీవించే బార్నకిళ్లు కూడా బాల్యంలో ఈదులాడేవేనని, అవి నత్తల కులానివి కావనీ పీతల కులానివనీ చూపినవాడూ ఇతడే.

పండితలోకం వెంటనే ఒప్పుకోలేదు. 1829లో జర్మను శాస్త్రజ్ఞుడు రాట్కే ఏటిలో బతికే క్రేఫిష్‌ను పరిశీలించి, దాని పిల్ల గుడ్డులోంచే తల్లి పోలికతో వస్తున్నదన్నాడు. ఆయన చూసినదీ నిజమే. ఏటిలో నీటిపాలైన పసిప్రాణి సముద్రంలో కలిసిపోవలసిందే. అందుకే అక్కడ రూపవిక్రియ గుడ్డులోనే ముగుస్తుంది. ఇద్దరి వాదమూ సత్యమే అయినా, ఆనాడు దెబ్బతిన్నది థాంప్సన్ మాట. అతడు పిమ్మట సిడ్నీకి వెళ్లి, 1847లో అక్కడే కన్నుమూశాడు. నాకైతే అతనికి దక్కవలసిన కీర్తి దక్కలేదనే అనిపిస్తుంది.

బిడ్డ ఎవరో తెలిశాక, ఆ బిడ్డ ఎటు పోతున్నదన్న ప్రశ్న పుట్టింది. అల వెనుదిరిగేలోగా ఇసుకలోకి వెనక్కు దూరిపోయే చిన్న పీత ఒకటి కాలిఫోర్నియా ఒడ్డున ఉంది. దాని బంధువు చెన్నై తీరంలోనూ ఉంది. మార్టిన్ జాన్సన్ 1939లో ఆ కాలిఫోర్నియా పీత డింభకాలను ప్రవాహాలు ఎట్లా మోసుకుపోతున్నాయో పరిశీలించాడు. అక్కడ తీరం వెంట దక్షిణంగా వీచే గాలి పైపొర నీటిని ఒడ్డు నుండి లోపలికి నెడుతుంది; నీటితోపాటే డింభకాలూ పోతాయి. గాలి సడలినప్పుడు నీరు మళ్లీ ఒడ్డు చేరుతుంది. ఆ అదను చిక్కినవి ఇసుక ముఖం చూస్తాయి, చిక్కనివి చేపల నోట పడతాయి. తల్లి వేలాది గుడ్లు పెట్టేది ఇందుకే. 1960లలో షెల్టెమా అనే అమెరికను శాస్త్రజ్ఞుడు తీరపు నత్తల డింభకాలను అట్లాంటిక్ నడిమధ్యనే పట్టి చూపాడు. నెలల తరబడి తేలుతూ ఖండాంతరం చేరగలవట!

మన తూర్పుతీరంలో ప్రవాహం ఏటా దిక్కు మార్చుకొంటుంది: వేసవి ముందు ఉత్తరానికి, శరత్తులో దక్షిణానికి. భీమిలి ఒడ్డున అడుగుల చప్పుడుకు బొరియలోకి పరుగెత్తే ఎర్రపీత భీమిలిలోనే పుట్టిందని ఎట్లా అనగలం?