కరీబియను సముద్రమున కుటుంబవిహారము



నేటి ప్రసంగవిషయము విన్నంతనే మీలో కొందఱికి నవ్వు రావచ్చును. భూగోళమున మనకు ఆవలి వైపున నున్న కరీబియను సముద్రమునకును, కోడి కూయగనే పొలమునకు బోవు మనకును సంబంధమేమి యని మీరడుగవచ్చును. సంబంధములు రెండు గలవు. మన గ్రామములనుండి అమెరికాకు బోయి స్థిరపడిన బిడ్డలు నేడు తల్లిదండ్రులను రప్పించుకొని, పిల్లలకు సెలవులున్నపుడు అందఱును గలసి ఓడయెక్కి, ఆ సముద్రమున వారము దినములు విహరించి వచ్చుచున్నారు. మీ యిండ్లలోనే దీనిని గూర్చిన మాటలు జరుగుచుండును. ఇది మొదటి సంబంధము. రెండవది నూటడెబ్బది యేండ్లనాటిది. ఆనాడును మన మద్రాసు రాజధానినుండి ఆలుమగలు, పిల్లలు, ఒంటరివారు ఓడలెక్కి ఆ సముద్రమునకే పోయిరి. ఈ రెండు యాత్రల చరిత్రను ప్రక్కప్రక్కన నుంచి చూపవలెనని నా కోరిక.

మొదట శాస్త్రమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పెద్దలు దానిని అడుగక మానరు. బౌధాయన ధర్మసూత్రమున సముద్రయానము పాతిత్యహేతువులలో చెప్పబడినమాట నిజమే. కాని ఆ గ్రంథమే వేఱొకచోట ఉత్తరదేశీయుల ప్రత్యేకాచారములను లెక్కించుచు, ఉన్నిని అమ్ముట, ఆయుధవృత్తి మొదలగు వానితో బాటు సముద్రయానమును జేర్చినది. దక్షిణదేశీయుల ప్రత్యేకాచారములలో మేనమామ కూతును పెండ్లాడుటను జేర్చినది. మేనరికమును విడువని మనము సముద్రమును మాత్రము తప్పుపట్టుట న్యాయముగా దోచదు. పైగా మన పూర్వులు ఓడ నెఱుగనివారు కారు. శాతవాహనప్రభువగు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెఱచాపకొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. కాకతీయ గణపతిదేవుడు క్రీ. శ. 1244-45లో మోటుపల్లి రేవున శాసనము వేయించెను. పెనుగాలికి ఓడ పగిలినచో అందలి సరకులను రాజులు కైవసము చేసికొను పాతపద్ధతిని మాన్పి, నియతమైన సుంకము మాత్రము గ్రహింతునని ఆయన వర్తకులకు అభయమిచ్చెను. కావున ఓడ యెక్కవచ్చునా కూడదా యనునది నాకు పెద్దప్రశ్నగా దోచదు. ఎక్కినవాడు తన యిష్టముచే నెక్కెనా, ఎక్కినవాడు తిరిగి యింటికి జేరెనా యనునదియే ప్రశ్న.

కరీబియను సముద్రము ఉత్తర దక్షిణ అమెరికాఖండముల నడుమ నున్నది. దానికి ఉత్తరమున క్యూబా, జమైకా, హైతీ, పోర్టోరికో మొదలగు పెద్దదీవులును, తూర్పున గ్వాడెలూప్, మార్టినిక్ మొదలుకొని ట్రినిడాడు వఱకు చిన్నదీవులును వడ్డాణమువలె అమరియున్నవి. ట్రినిడాడునకు దిగువను దక్షిణ అమెరికా నేలపై గయానా గలదు. 1492లో కొలంబసు మన దేశమును వెదకుచు బోయి ఈ దీవులను జేరుటచే వీనికి పడమటి ఇండియా దీవులను పేరు కలిగినది. మఱుసటి యేడు రెండవమాఱు వచ్చినపుడు అతడు చెఱకును వెంటగొనివచ్చెను. చెఱకురసమును గాచి గడ్డకట్టించు విద్య పూర్వము మనదేశమున వర్ధిల్లినది. ఇంగ్లీషువారి 'షుగర్' అను మాటయు, ఫ్రెంచివారి 'సూక్ర్' అను మాటయు మన శర్కరాశబ్దము నుండి బయలుదేరి దేశదేశములు తిరిగి అచ్చట జేరినవే. మన మాట ఆ దీవులకు ముందు బోయినది. మన మనుష్యులు పిమ్మట బోయిరి.

చెఱకు ఎంతటి చాకిరిని గోరునో మీకు నేను చెప్పనక్కఱలేదు. నఱకిన చెఱకు నిలువయుండదు. ఎప్పటిదప్పుడు గానుగ కెక్కవలెను. ఆ చాకిరికై ఐరోపావారు ఆఫ్రికానుండి లక్షలకొలది జనమును సంకెళ్ళతో దెచ్చి బానిసలను జేసిరి. బ్రిటిషు దీవులలో 1834లో దాస్యము చట్టముచే రద్దయి, 1838లో బానిసలు పూర్తిగా విముక్తులైరి. ఫ్రెంచిదీవులలో 1848లో అట్లు జరిగెను. అంతట తోటల యజమానుల చూపు మన దేశముపై బడినది.

1838 మే 5వ తేదీన 'విట్బీ', 'హెస్పెరస్' అను రెండు ఓడలు కలకత్తానుండి మొదటి కూలీలను గయానాకు జేర్చినవి. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' అను ఓడ ట్రినిడాడు చేరినది. ఫ్రెంచివారి 'ఓరేలీ' అను ఓడ 1853 మే 6న మార్టినిక్ దీవియందును, 1854 డిసెంబరు 24న గ్వాడెలూప్ దీవియందును మన దేశపు జనమును దింపినది. మొత్తముమీద గయానాకు సుమారు 2,39,000 మందియు, ట్రినిడాడునకు 1,40,000 పైచిలుకును, గ్వాడెలూపునకు సుమారు 42,000 మందియు, మార్టినిక్కునకు సుమారు 25,000 మందియు బోయిరి. గయానా ట్రినిడాడులకు బోయినవారిలో అధికులు గంగాతీరమువారు. మద్రాసు, పుదుచ్చేరి, కారైకాలు రేవుల నుండి బోయినవారిలో అరవలతో బాటు తెలుగువారును గలరు. ఆంగ్లేయుల దీవులలో వీరినందఱిని మద్రాసీలనిరి.

ఆ ప్రయాణ మెట్టిదో వినుడు. తెఱచాప ఓడ ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమును జుట్టి ఆ దీవులు చేరుటకు సుమారు మూడు మాసములు పట్టెడిది. ఒంటరి పురుషులు ఓడ ముందుభాగమునను, సంసారులు నడుమను, ఒంటరి స్త్రీలు వెనుకభాగమునను ఉండవలెను. నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలైన నుండవలెనని తరువాత నిబంధన చేసిరి. అనగా అఱువదిమందికి సంసారమే లేదన్నమాట. 1856-57లో కలకత్తానుండి కరీబియనునకు బోయిన ఓడలలో నూటికి సుమారు పదునేడుగురు దారిలోనే మరణించిరి. దిగినవారికి అయిదేండ్ల కరారు. కరారు దాటి పనిమానినచో చెఱసాల. తిరుగుప్రయాణపు హక్కు కాగితముపై నుండెను గాని, దానిని పొందుటకు గడువు మీద గడువు పెట్టిరి. ట్రినిడాడున 1869 నుండి ఆ హక్కును వదలుకొనినవారికి భూమి నిచ్చు పద్ధతియు వచ్చినది. గయానాకు బోయినవారిలో సుమారు మూడింట రెండువంతులు మరల మన నేలను జూడలేదు. 1917లో ఈ వలస నిలిపివేయబడినది. 1920 ప్రాంతమున బ్రిటిషు దీవులలో మిగిలిన కరారులును రద్దయినవి.

ఇంతటి దుఃఖమును మోసిన సముద్రము విహారస్థలమెట్లయినది? దీనికి మూలము వర్తకుల లెక్కలలో నున్నది. జర్మనీదేశపు హాంబర్గు నగరమున ఆల్బర్టు బాలిన్ అను నౌకాధికారి యుండెను. చలికాలమున అట్లాంటికు సముద్రమున ప్రయాణికులు తగ్గి ఓడలు ఊరక పడియుండుట జూచి, 1891 జనవరిలో 'ఆగస్టా విక్టోరియా' అను ఓడను మధ్యధరాసముద్రమునకు విహారార్థము పంపెను. అది లాభించుటచే, విహారమునకే ప్రత్యేకముగా 'ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిసె' అను ఓడను గట్టించెను. అది 1901 నుండి కరీబియనునకును దిరిగి, 1906 డిసెంబరున జమైకా తీరమున నేలకు దట్టుకొని చెడిపోయెను. ప్రయాణికులందఱును బ్రతికిరి.

అదే కాలమున అమెరికావారి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ ఆ తీరములనుండి అరటిపండ్లను ఓడలపై దెచ్చుచుండెను. ఎండవేడిమిని త్రిప్పికొట్టుటకై ఆ ఓడలకు తెల్లరంగు వేసిరి. పండ్లతో బాటు ప్రయాణికులను గూడ ఎక్కించుకొని, చలిదేశపు ధనికులకు ఎండను అమ్మిరి. 1920 నుండి 1933 వఱకు అమెరికాలో మద్యము నిషిద్ధమై యుండుటచే, త్రాగుటకై ఓడలెక్కి క్యూబాకును బహామాదీవులకును బోవువారును హెచ్చిరి. చెఱకు, అరటి, సారాయి — ఈ విహారము మొదట నడచిన దారి యిది!

1958లో జెట్ విమానములు అట్లాంటికు దాటుట ప్రారంభించెను. వారముదినముల ప్రయాణము కొన్ని గంటలకు దిగినది. సముద్రము దాటించు ఓడలకు పని తగ్గిపోయెను. 1966 డిసెంబరున 'సన్‌వార్డ్' అను ఓడ అమెరికా దక్షిణాగ్రముననున్న మయామీ రేవునుండి బహామాదీవులకు విహారయాత్రలు మొదలిడెను. దానిని నడపిన టెడ్ ఆరిసన్ అనునతడే 1972లో కార్నివల్ కంపెనీని స్థాపించెను. ధనికులకే పరిమితమైన వినోదమును ఉద్యోగి, చిల్లరవర్తకుడు పిల్లలతో వచ్చి యనుభవింపగల ధరకు దింపుట ఈ కాలపు విశేషము. 2024 జనవరిలో మయామీనుండి బయలుదేరిన 'ఐకన్ ఆఫ్ ది సీస్' అను ఓడ పొడవు 365 మీటర్లు, అంతస్తులు ఇరువది. నిండుగా నెక్కిన 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది పనివారు. అది తేలెడి ఊరుగాని ఓడ కాదు.

నేనును కుమారుని కుటుంబముతో పోర్టోరికోలోని సాన్ హువాన్ రేవున నెక్కి ఏడు రాత్రులు అట్లు తిరిగి వచ్చితిని. భోజనమునకు ఇబ్బంది లేదు. శాకాహారులకు వేఱుగ వండిపెట్టుదురు. రాత్రి ఓడ నడచును; ఉదయమున కన్ను విప్పునప్పటికి క్రొత్తదీవి కిటికీయెదుట నుండును. మార్టినిక్ దీవిలోని ఫోర్-ద-ఫ్రాన్స్ పట్టణపు అంగడిలో, సుగంధద్రవ్యము లమ్ము స్త్రీలు తలలకు గళ్ళరుమాళ్ళు చుట్టుకొనియుండిరి. "తాతయ్యా, ఈ గుడ్డ పేరు మద్రాసట! మన మద్రాసేనా?" అని మనుమడు అడిగెను. ఔను, మన మద్రాసే. పూర్వము మన తీరపు సాలెవారు నేసిన గళ్ళరుమాళ్ళు వర్తకుల ఓడలపై అచ్చటికి బోయి, ఆ దీవుల స్త్రీలకు పండుగవేషమై, పుట్టిన రేవు పేరునే నిలుపుకొన్నవి. అచ్చటివారు ఇష్టముగ దిను మసాలాకూరను కొలంబో అందురు. గ్వాడెలూప్ దీవియందలి కాపెస్తెర్‌కు చెంత షాంజీ యనుచోట రంగులగోపురపు హైందవాలయము గలదు. ఆ కాపెస్తెర్‌లోనే 1863లో బుట్టిన హెన్రీ సిదంబరం అను కూలీల సంతతివాడు, తనవారికి ఓటుహక్కును పౌరసత్వమును గావలెనని 1904లో పోరాటము మొదలిడి, 1923లో సాధించెను. ఇప్పటివారి నోట భాష ఫ్రెంచి, క్రియోలు. పూర్వుల భాష చాలవఱకు జాఱిపోయినను దేవుడును కూరయు గుడ్డయు మిగిలినవి.

ఇవన్నియు ఓడవారు చూపరు. వారు చూపునది ఇసుకతిన్నె, కొబ్బరిచెట్టు, అంగడి. మధ్యాహ్నమునకు దింపి సాయంకాలమునకు ఎక్కించుకొందురు. ఓడలోనే మఱియొకటి గమనించితిని. మా బల్లయొద్ద వడ్డించిన యువకుడు గోవావాడు. ఎనిమిది మాసములు విరామదినము లేని కొలువనియు, ఇంటివద్ద రెండేండ్ల బిడ్డ యున్నదనియు జెప్పెను. ఇట్టి పనివారిలో ఫిలిప్పీన్సు, ఇండొనీషియా, మన దేశములవారు విస్తారము. పెక్కు ఓడలు బహామా, పనామా జెండాలను ఎత్తుకొని తిరుగుచుండుటచే అమెరికా కూలిచట్టములు వీరికి జాలవఱకు వర్తింపవు. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు రేవులు మూతపడి, ప్రయాణికులు దిగిపోయిన పిదపను ఇట్టివారు వేలకొలది మాసములతరబడి సముద్రముపైననే చిక్కుకొనిరి. వీరు తమ యిష్టముచే వచ్చినవారు, జీతము దీసికొనువారు; పూర్వపు కరారుకూలీలతో సమానులనరాదు. ఐనను ఒక కుటుంబము గలసియుండి సుఖించుటకై మఱియొక కుటుంబము విడిపోవుట ఆ బల్లయొద్దనే కనబడుచున్నది.

విహారనౌక యెక్కడికిని బోదు. ఏ రేవున నెక్కించెనో ఆ రేవుననే దింపును. దానియందలి సుఖమంతయు ఆ తిరిగివచ్చుటలోనే యున్నది. కూలీల ఓడ యెక్కినవారు కొనలేకపోయినదియు అదియే. కాబట్టి మీ బిడ్డలు పిలిచినచో శంకింపక పొండు. మూడుతరములవారు ఒక్క బల్లయొద్ద ఏడుదినములు భుజించుట ఈ కాలమున చిన్నభాగ్యము కాదు. వడ్డించువానిని పేరడిగి పిలువుడు, వాని యింటిని గూర్చి విచారింపుడు. దీవిలో దిగినపుడు అంగడిని పిల్లలకు వదలి, మనవారు దిగిన రేవు ఎచ్చట, వారి గుడి ఎచ్చట అని యడుగుడు. వారు ఓడ దిగిన కథను మనుమలకు ఆ ఒడ్డుననే నిలువబడి చెప్పుడు. తిరిగిరాలేకపోయిన వారికి తిరిగివచ్చువారు చేయదగిన తర్పణ మదియే.